చీకట్లో వెలిగే వాచీ డయల్ ఎంతసేపు వెలుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి గాంధీ రోడ్డును ఆనుకొని ఉన్న ఒక సందులో మా నాన్నగారి కాలం నుంచి వాచీల మరమ్మతు బల్ల నడుపుతున్నాము. బెల్టు మార్చమనో, సెల్లు వేయమనో వచ్చినవారు డబ్బులిచ్చి వెళ్లబోతూ అడిగే సందేహాలలో ఎక్కువ భాగం చీకట్లో వెలిగే డయల్ గురించే ఉంటాయి. అందరూ ఒక్క అంకె చెప్పమంటారు. ఒక్క అంకె చెబితే అది అబద్ధమవుతుంది. ఎందుకు అబద్ధమో వివరించేంత తీరిక బల్ల దగ్గర ఇద్దరికీ ఉండదు. అందుకని మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను, అడిగినవారి మాటల్లోనే, ఇక్కడ రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## కొనేముందు

ఈ రేడియం వాచీ రాత్రంతా వెలుగుతుందా, లేదా?

మంచి వాచీ అయితే తెల్లవారే దాకా వెలుగుతుంది, కాని మీరు ఊహించుకున్నంత వెలుగు ఉండదు. నేటి వాచీల ముళ్ల మీద, గంటల గుర్తుల మీద పూసేది స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పదార్థపు పొడి. అది పగలు పట్టిన వెలుతురును దాచుకొని చీకట్లో కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ వదలడం సమానంగా జరగదు. మొదటి కొన్ని నిమిషాలు దోసిలి నిండా ఒలకబోసినట్లు వదిలి, తరువాత బొట్టుబొట్టుగా ఇస్తుంది. లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: చీకట్లో గడిచిన సమయం రెట్టింపైతే వెలుగు సగమవుతుంది. లైటు ఆర్పిన పది నిమిషాలకు ఉన్న వెలుగుతో పోలిస్తే గంటకు ఆరో వంతు, ఎనిమిది గంటలకు దాదాపు యాభయ్యో వంతు మిగులుతుంది. యాభయ్యో వంతు అంటే ఏమీ లేనట్లే అనిపిస్తుంది గాని, చీకటికి అలవాటు పడిన కంటికి ముళ్ల స్థానం తెలుసుకోవడానికి అది సరిపోతుంది. కాబట్టి "ఎప్పుడు ఆరిపోతుంది" అని గాక, "నాకు ఎన్ని గంటల దాకా టైము తెలుస్తుంది" అని అడగడం సరైన ప్రశ్న.

ఒక కంపెనీ మూడు గంటలంటుంది, ఇంకొకరు రాత్రంతా అంటారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు, ఎందుకంటే ఇద్దరూ ఒకే విషయాన్ని కొలవడం లేదు. సీకో కంపెనీ లూమీబ్రైట్ అనే తన వెలిగే పూత గురించి వాచీతో ఇచ్చే పుస్తకంలో, 500 లక్స్‌కు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురుకు కొలత) మించిన వెలుతురులో సుమారు 10 నిమిషాలు ఉంచితే 3 నుంచి 5 గంటలు వెలుగుతుందని రాసింది. ఎంత వెలుతురులో, ఎంతసేపు ఉంచారో చెప్పిన అంకె కాబట్టి దానికి ఒక అర్థం ఉంది. అత్యవసర ద్వారాల దగ్గర పెట్టే వెలిగే బోర్డుల విషయంలో, వెలుగు చదరపు మీటరుకు 0.32 మిల్లీకాండెలాకు (ఇది వెలిగే వస్తువు ప్రకాశానికి కొలత) పడిపోయేందుకు పట్టే కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అది చీకటికి అలవాటు పడిన కన్ను గుర్తించగల కనీస వెలుగుకు వంద రెట్లు. అంటే లెక్క ప్రకారం "ముగిసిన" తరువాత కూడా కంటికి చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. డైవింగ్ వాచీలకు సంబంధించిన ఐఎస్‌ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం పూర్తి చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము చదవగలగాలని అడుగుతుంది. పెట్టె మీద ఈ వివరాలేవీ లేకుండా ఉత్త గంటలు మాత్రమే ముద్రించి ఉంటే, ఆ అంకెను అలంకారంగా భావించండి.

రేడియం అంటున్నారు కదా, లోపల నిజంగా రేడియం ఉంటుందా? చేతికి పెట్టుకుంటే ప్రమాదం కాదా?

ఈ రోజుల్లో కొన్న వాచీలో రేడియం ఉండదు. మన దగ్గర మెరిసే ప్రతి దానికీ రేడియం అనే పేరు స్థిరపడిపోయింది. బండి నంబరు ప్లేటు మీద, లారీ వెనుక అంటించే "రేడియం స్టిక్కరు" హెడ్‌లైటు కాంతిని వెనక్కి తిప్పికొట్టే ప్లాస్టిక్ మాత్రమే. లైటు పడకపోతే అది వెలగదు. కొండ మీద, కింద బజారులో అమ్మే, చీకట్లో పచ్చగా కనిపించే స్వామివారి ప్లాస్టిక్ బొమ్మలో ఉండేది వాచీలోని పొడి వంటిదే. అసలు రేడియాన్ని క్యూరీ దంపతులు 1898లో కనుగొన్నారు. ఆ తరువాత కొన్నేళ్లకే దాని లవణాన్ని జింక్ సల్ఫైడ్‌తో కలిపి గడియారాల డయల్‌కు పూయడం మొదలైంది. 1960ల తరువాత ఆ వాడకం తగ్గి అంతరించింది, పేరు మాత్రం మిగిలింది. ప్రస్తుత పొడిలో రేడియోధార్మికత లేదు. పసిపిల్లలు ఉన్న ఇంట్లో కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఆకుపచ్చగా వెలిగేది మంచిదా, నీలంగా వెలిగేది మంచిదా?

ఎక్కువసేపు కనిపించాలంటే ఆకుపచ్చ, లేదా ఆకుపచ్చకు దగ్గరగా ఉండే నీలం తీసుకోండి. చీకట్లో మన కన్ను 507 నానోమీటర్ల దగ్గరి నీలి ఆకుపచ్చ కాంతిని అన్నిటికన్నా బాగా పట్టుకుంటుంది. నారింజ, ఎరుపు రంగుల్లో వెలిగేవి చూడటానికి ముచ్చటగా ఉంటాయి, కాని తొందరగా కనుమరుగవుతాయి. పగలు డయల్ మీద తెల్లగా కనిపించాలని పొడికి రంగు కలిపినప్పుడు కూడా వెలుగు కొంత తగ్గుతుంది.

ట్రిటియం వాచీకి వెలుతురు పెట్టనక్కరలేదట. పాతికేళ్లు వెలుగుతుందట. నిజమా?

నిజమే. ఈ వాచీల్లో పూత ఉండదు. చాలా సన్నని గాజు గొట్టాలు ఉంటాయి. గొట్టం లోపలి గోడకు వెలిగే పొడి అంటించి, ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ వాయువు నింపి మూసివేస్తారు. ఆ వాయువు నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు పొడికి తగులుతూ ఉన్నంతకాలం అది రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. స్విట్జర్లాండులోని ఎంబీ మైక్రోటెక్ ఈ గొట్టాల తయారీకి పేరు పొందినది. ట్రేజర్, లూమినాక్స్, బాల్ వాచీల్లో వీటిని చూడవచ్చు. ట్రిటియం అర్ధజీవిత కాలం 12.3 సంవత్సరాలు. అంటే పన్నెండేళ్లకు వెలుగు సగమవుతుంది, పాతికేళ్లకు పావు భాగం మిగులుతుంది. "పాతికేళ్లు" అన్న మాటకు అర్థం ఇదే. పాతికో ఏడు నిండిన రోజున ఆరిపోతుందని కాదు, మొదటి రోజులా ఉంటుందనీ కాదు.

ఒక ఇబ్బందిని కూడా చెప్పాలి. ఎండలో పెట్టి తెచ్చిన మామూలు డైవింగ్ వాచీ పక్కన పెడితే ట్రిటియం వాచీ మొదట వెలవెలబోతుంది. కొన్ని గంటలు గడిచి ఆ వాచీ తగ్గిపోయాక గాని దీని విలువ తెలియదు. తెల్లవారుజామున మూడింటికి టైము చూడవలసిన ఉద్యోగం ఉన్నవారికి ఇది తగిన వాచీ. పదిమందికి చూపించుకోవాలనుకునేవారికి కాదు.

బటన్ నొక్కితే లైటు వచ్చే వాచీ కూడా ఇదేనా?

కాదు, అది బ్యాటరీతో వెలిగే దీపం. 1992లో టైమెక్స్ తెచ్చిన ఇండిగ్లో వంటివి కరెంటుతో డయల్ మొత్తాన్ని వెలిగిస్తాయి. బ్యాటరీ ఉన్నంతకాలం ప్రతిసారీ ఒకే వెలుగు ఇస్తాయి, కాని రెండో చేత్తో నొక్కవలసి ఉంటుంది.

షాపులో పట్టపగలు ఉన్నప్పుడు ఎలా పరీక్షించాలి?

చేతిని గూడులా మడిచి వాచీ మీద పెట్టి లోపలికి తొంగి చూడటం అందరూ చేసే పని. దానివల్ల వెలుగుతుందా లేదా అన్నది తెలుస్తుంది గాని ఎంతసేపు అన్నది తెలియదు. దానికి బదులు డయల్‌ను ఏటవాలుగా పట్టుకొని పూత మందాన్ని చూడండి. గుర్తులు డయల్ కన్నా ఎత్తుగా, కుంకుమ బొట్టు ఆరినట్లు కొద్దిగా ఉబ్బి ఉంటే పొడి దండిగా వేశారని అర్థం. కాగితం మీద అచ్చు వేసినట్లు చదునుగా ఉంటే అరగంటకు మించి ఆశ పెట్టుకోవద్దు. తరువాత సెల్‌ఫోను టార్చిని దగ్గరగా ఒక నిమిషం పట్టి, షాపువారి సామాను గదిలోకి తీసుకెళ్లి చూడండి. ముళ్లూ గుర్తులూ ఒకే తీరుగా వెలగాలి. గుర్తులు బాగా వెలిగి ముళ్లు మసకగా ఉంటే ఆ వాచీ వద్దు, ఎందుకంటే చీకట్లో టైము చెప్పేవి ముళ్లే.

## వెలుతురు పట్టించడం

రోజూ ఎంతసేపు ఎండలో పెట్టాలి?

ప్రత్యేకంగా పెట్టనక్కరలేదు. ఆరుబయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా సుమారు పదివేల లక్స్ ఉంటుంది. లీలామహల్ కూడలి నుంచి బస్టాండు దాకా నడిచి వెళ్లేసరికి చేతి మీది వాచీకి కావలసినదానికన్నా ఎక్కువే పడుతుంది. అయితే ఆ వెలుతురు నిద్రపోయే వేళ దాకా నిలవదు. ఎండలో నింపుకున్నది గదిలోకి వచ్చిన తరువాత గది వెలుతురుకు తగిన స్థాయికి దిగిపోతుంది. కాబట్టి రాత్రి వెలుగును నిర్ణయించేది మధ్యాహ్నపు ఎండ కన్నా పడుకోబోయే ముందు గదిలో ఉన్న దీపమే.

వాచీని "చార్జి" చేయడానికని మేడ మీద పిట్టగోడ మీద, కారు డాష్‌బోర్డు మీద వదిలివేయవద్దు. రోహిణి కార్తెలో మన ఊరి ఎండకు పొడికి ఏమీ కాదు గాని, మిషన్‌లోని నూనె పలచబడి జారిపోతుంది, వెనుక మూత రబ్బరు గట్టిపడుతుంది, సెల్లు కారుతుంది. అలా పాడైనవి ప్రతి వేసవిలోనూ రెండు మూడు నా బల్ల మీదికి వస్తాయి.

గదిలో ఎల్ఈడీ బల్బు ఉంది. అది చాలదా?

తెల్లని కాంతి ఇచ్చే బల్బు అయితే చాలు. ఈ పొడిని మేల్కొలిపేది అతినీలలోహిత కాంతి, ఊదా, నీలం రంగుల కాంతి. తెల్లని ఎల్ఈడీలో నీలం భాగం గట్టిగా ఉంటుంది, ట్యూబులైటులో కూడా ఉంటుంది. పడుకునే ముందు వాచీని బల్బుకు ఒక అడుగు దూరంలో పావుగంట ఉంచితే సరిపోతుంది. పసుపు కాంతి ఇచ్చే బల్బు, పూజగదిలోని చిన్న ఎర్ర బల్బు, దీపపు వెలుగు గంట సేపు పడినా పెద్దగా ప్రయోజనం ఉండదు. కంటికి గది నిండా వెలుతురు ఉన్నట్లే కనిపిస్తుంది, కాని పొడికి కావలసిన రంగు అందులో ఉండదు.

నేను ఎప్పుడూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేస్తాను. అందుకేనా రాత్రి తొందరగా ఆరిపోతోంది?

అవును, చాలాసార్లు కారణం అదే. చొక్కా అంచు కింద ఉన్నంతసేపూ వాచీ చీకట్లో ఉన్నట్లే. వాచీ బాగులేదని తెచ్చినవారిని నేను మొదట అడిగేది చొక్కా చేతుల గురించే.

రోజూ వెలుతురు పెడుతూ ఉంటే పొడి అరిగిపోదా?

అరగదు. వెలుతురు పట్టడం, వదలడం అన్న క్రమంలో పొడి ఖర్చు కాదు. ఫోను బ్యాటరీలాగా ఇన్నిసార్లు అని పరిమితి లేదు. ఎక్కువసేపు వెలుతురులో ఉంచినా నష్టం లేదు. పట్టవలసినంత పట్టిన తరువాత ఇక పట్టదు, అంతే.

యూవీ టార్చి పెడితే భలే వెలుగుతోంది. ఒకటి కొనమంటారా?

సరదాకైతే కొనుక్కోండి. నోట్లు పరీక్షించే ఊదా టార్చి పది సెకన్లు పట్టినా డయల్ కళ్లు జిగేల్మనేలా వెలుగుతుంది, ఫొటోకు బాగుంటుంది. అయితే ఆ జిగేల్ కొన్ని నిమిషాల్లోనే దిగిపోతుంది. తెల్లవారుజామున మిగిలే వెలుగులో, పడుకునేముందు పావుగంట తెల్లని దీపం కింద ఉంచిన వాచీకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా నాకు కనిపించలేదు. ఆ టార్చిని కళ్లలోకి మాత్రం వేసుకోవద్దు.

## రాత్రి చూసేటప్పుడు

పది గంటలకు బ్రహ్మాండంగా వెలిగింది. రెండింటికి లేచి చూస్తే ఏమీ లేదు. వాచీ చెడిపోయిందా?

లేచిన వెంటనే లైటు వేశారా, ఫోను చూశారా అన్నది ముందు గుర్తు చేసుకోండి. చీకట్లో కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది; నిద్రలో కళ్లు మూసుకొని ఉన్నవారికి ఆ అలవాటు ముందే అయి ఉంటుంది కాబట్టి, లేచిన మొదటి క్షణంలో వాచీ చూస్తే కనిపిస్తుంది. ఫోను తెర వెలుతురు ఒక్కసారి కంట్లో పడితే అది మొదటికి వస్తుంది.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఒకసారి కిటికీ లేని మా సామాను గదిలో మూడు వాచీలను పీట మీద వరుసగా పెట్టి పరీక్షించాలనుకున్నాను. ఒకటి జపాను డైవింగ్ వాచీ, రెండోది రోడ్డు పక్క కొన్న క్వార్ట్జ్ వాచీ, మూడోది బాగుచేయడానికి వచ్చిన పాతది. మూడింటినీ ట్యూబులైటు కింద పావుగంట ఉంచి తొమ్మిదిన్నరకు దీపం ఆర్పాను. పాతది అప్పటికే లేదు. రోడ్డు పక్క వాచీ పది పావుకల్లా బూడిద రంగు మరకలా మారి, పదకొండుకు మాయమైంది. రెండు గంటలకు వెళ్లి చూస్తే డైవింగ్ వాచీ కూడా కనిపించలేదు. ఇంత ఖరీదు పెట్టి కొన్నది ఇంతేనా అని విసుక్కున్నాను. తరువాత తట్టింది: సమయం నమోదు చేసుకోవడానికి గుమ్మం దగ్గర ఫోను చూసి లోపలికి వెళ్లాను. అక్కడే గోడకు ఆనుకొని కూర్చుంటే పది నిమిషాలకు ముందు పన్నెండు దగ్గరి ముక్కోణం, తరువాత గంటల ముల్లు, ఆఖరున మిగతా గుర్తులు ఒకటొకటిగా పైకి తేలినట్లు కనిపించాయి. నాలుగు గంటలకు ఫోను ముట్టుకోకుండా వెళ్లాను. ముళ్లు మసకగానే ఉన్నా టైము తప్పు లేకుండా చెప్పగలిగాను.

నాకు కనిపించని ముళ్లు మా మనవడికి కనిపిస్తున్నాయి. వాచీ తప్పా, కళ్ల తప్పా?

వాచీ తప్పు కాదు. వయసు పెరిగేకొద్దీ చీకట్లో కంటిపాప విచ్చుకునే వెడల్పు తగ్గుతుంది, కంటి కటకం పసుపు బారుతుంది, చీకటికి అలవాటు పడటానికి పట్టే సమయం పెరుగుతుంది. దీనికి తోడు చత్వారం ఉంటే, అద్దాలు లేకుండా మసక వెలుగు మరింత చెదిరిపోయి కనిపిస్తుంది. అరవై దాటినవారు డయల్ పెద్దదిగా, గుర్తులు లావుగా, పన్నెండు దగ్గరి గుర్తు వేరే ఆకారంలో ఉన్న వాచీ తీసుకుంటే సుఖపడతారు. వాచీ ఒక్కటే గాక సందె చీకట్లో దారి, మెట్లు కూడా తెలియకపోతే వాచీల బల్ల దగ్గరికి గాక కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సూటిగా చూస్తే మాయమవుతోంది, పక్కకు చూస్తే కనిపిస్తోంది. ఇదేం విచిత్రం?

అందరికీ అంతే. మసక వెలుగును పట్టుకునే రాడ్ కణాలు రెటీనా నడిమధ్యన ఉండవు, చుట్టూ ఉంటాయి. సూటిగా చూసినప్పుడు వాచీ బొమ్మ ఆ నడిమధ్యనే పడుతుంది. నక్షత్రాలు చూసేవారు చేసినట్లు, చూపును వాచీకి ఒక అంగుళం పక్కన నిలిపి ఉంచితే ముళ్లు తెలుస్తాయి.

ఎండాకాలానికీ చలికాలానికీ తేడా ఉంటుందా?

ఉంటుంది. పొడి దాచుకున్న శక్తిని బయటికి నెట్టేది వేడి. వేడిగా ఉంటే మొదట ప్రకాశంగా వెలిగి తొందరగా ఖాళీ అవుతుంది. చల్లగా ఉంటే మసకగా మొదలై నిదానంగా వదులుతుంది. హార్స్‌లీ కొండల మీద చలిలో మంచం పక్కన పెట్టిన వాచీకి, చేతికి పెట్టుకొని పడుకున్న వాచీకి ఈ తేడా కనిపించవచ్చు. మామూలుగా మన ఇళ్లలో పట్టించుకోవలసినంత ఉండదు.

కాలినడకన కొండెక్కేటప్పుడు ఈ వాచీ పనికొస్తుందా?

దాని కోసమే అయితే కొననక్కరలేదు. అలిపిరి దారిలోని 3550 మెట్ల వెంబడి దీపాలు ఉంటాయి, క్యూ కాంప్లెక్సులో దీపాలు ఆర్పరు. ఫోను డిపాజిట్ చేసిన తరువాత టైము చెప్పడానికి ఏ వాచీ అయినా చాలు. దీని అవసరం తెలిసినవారు పల్లెల్లో ఉండేవారు. రాత్రిపూట త్రీఫేజ్ కరెంటు వచ్చే రోజుల్లో మోటారు వేయడానికి చెరకు తోటకు, మామిడి తోటకు వెళ్లే రైతులు, టార్చి ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకొని నడిచేవారు కాబట్టి, రెండు చేతులూ వాడకుండా టైము చెప్పే డయల్ కోసం వెతుక్కుంటూ వచ్చేవారు.

## నీరు, మరమ్మతు

పాపవినాశనంలో వాచీతోనే స్నానం చేశాను. అద్దం లోపల ఆవిరి పట్టింది. అప్పటినుంచి వెలుగు తగ్గింది. ఎందుకు?

స్ట్రాన్షియం అల్యూమినేట్‌కు ఉన్న ఒకే ఒక పెద్ద శత్రువు నీరు. తేమ తగిలితే ఆ పదార్థం విచ్ఛిన్నమై, వెలిగే గుణాన్ని కోల్పోతుంది. పోయిన గుణం ఎండలో పెట్టినా తిరిగి రాదు. వాచీ లోపల ఆవిరి కనిపించిన రోజే మూత తెరిపించి ఆరబెట్టిస్తే పూత, మిషన్ రెండూ దక్కుతాయి. బియ్యంలో పెట్టి వారం రోజులు వేచి చూసి తెచ్చేవారు ఉన్నారు. ఆ వారంలో ముళ్ల కింద తుప్పు, గుర్తుల మీద నల్లమచ్చలు తయారవుతాయి. డైవింగ్ వాచీ అయినా రెండు మూడేళ్లకొకసారి రబ్బరు రింగు మార్పించుకోవాలి.

వెలుగు పోయిన డయల్‌కు మళ్లీ పూయించవచ్చా?

పూయించవచ్చు, కాని పూత కొత్త రకానిదని తెలిసినప్పుడు మాత్రమే. పని ఇలా ఉంటుంది. ముందు ముళ్లను ఊడదీసి, పాత పూతను మెత్తబరచి తీసివేస్తాము. పొడిని పారదర్శకమైన వార్నిష్‌తో కలిపి తేనె చిక్కదనానికి తెస్తాము. మధ్యలో ఖాళీ ఉండే గుల్ల ముల్లును బోర్లా పడుకోబెట్టి, సన్నని పుల్లతో ఒక చుక్క పెట్టి లాగితే రెండు అంచుల మధ్య పొరలా నిలుస్తుంది, కిరోసిన్ దీపం వత్తి మీద నూనె పాకినట్లు. పల్చగా కలిపితే ఆరిన తరువాత మధ్యలో చిల్లు పడుతుంది; చిక్కగా కలిపితే గడ్డ కట్టి పక్క ముల్లుకు తగులుకొని వాచీ ఆగిపోతుంది. ఒక జత ముళ్లు సరిగా రావడానికి నాకు ఒక్కోసారి పూట పడుతుంది. చేతితో పూసినది ఫ్యాక్టరీ పూతంత నున్నగా రాదని ముందే చెప్పి గాని నేను పని పట్టను.

గుర్తులు వెలుగుతున్నాయి, ముళ్లు వెలగడం లేదు. ఎందుకిలా?

ముళ్ల మీద చోటు తక్కువ కాబట్టి పొడి తక్కువ పడుతుంది, తొందరగా తగ్గుతుంది. అసలే వెలగకపోతే, ఎప్పుడో మరమ్మతులో ముళ్లు మార్చి ఉంటారు.

## తాతల నాటి వాచీలు

తాతగారి వాచీ ఒకప్పుడు రాత్రంతా వెలిగేదట. ఇప్పుడు అసలు వెలగదు. ఎండలో పెడితే వస్తుందా?

రాదు. అది రేడియం డయల్ అయితే అందులో రెండు పదార్థాలు ఉంటాయి: కిరణాలు వెదజల్లే రేడియం, ఆ కిరణాలు తగిలి వెలిగే జింక్ సల్ఫైడ్. రేడియం అర్ధజీవిత కాలం సుమారు 1600 సంవత్సరాలు, కాబట్టి తాతగారు కొన్ననాడు ఎంత ఉందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది. రాత్రీ పగలూ ఆ దెబ్బలు తిని తిని కొన్నేళ్లలోనే చచ్చిపోయినది జింక్ సల్ఫైడ్. దీపం ఆరింది, నిప్పు ఆరలేదు. వెలగడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం అందుకే పొరపాటు.

అయితే ఆ వాచీ ఇంట్లో ఉండవచ్చా?

అద్దం పగలకుండా, మూత బిగువుగా ఉంటే బీరువాలో దాచుకోవచ్చు. రోజూ చేతికి పెట్టుకోవద్దు, తలగడ పక్కన పెట్టుకోవద్దు. రేడియం నుంచి వచ్చే ఆల్ఫా కిరణాలను వాచీ అద్దమే ఆపుతుంది. గామా కిరణాలు మాత్రం బయటికి వస్తాయి, రేడాన్ అనే వాయువు కూడా ఊరుతూ ఉంటుంది. ఒకే పెట్టెలో చాలా వాచీలు పోగుచేసి గాలి ఆడని గదిలో ఉంచడం మంచిది కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, వాచీని తెరవవద్దు, పూతను గోటితో గీకవద్దు. భూతద్దంలో చూస్తే ఆ పూత ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చి, గోధుమ రంగు పలుకులై అద్దం అంచున రాలి ఉండటం కనిపిస్తుంది. ఆ ధూళి ఊపిరిలోకి, కడుపులోకి పోవడమే అసలు ప్రమాదం. అటువంటి డయల్‌కు కొత్త పూత వేయమని వచ్చినవారిని నేను తిప్పి పంపుతాను.

రేడియం పూసిన అమ్మాయిలు చనిపోయారంటారు. కట్టుకథా, నిజమా?

నిజం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ఆరెంజ్ పట్టణంలో 1917 నుంచి ఒక కర్మాగారంలో యువతులు గడియారాల డయల్‌కు రేడియం పూసేవారు. కుంచె మొన సన్నగా ఉండాలని దాన్ని పెదవులతో తడిపి మొనదేల్చమని నేర్పారు. కాల్షియంను పోలిన గుణం ఉన్న రేడియం వారి ఎముకల్లో చేరింది. దవడ ఎముకలు కుళ్లిపోయాయి, చాలామంది చనిపోయారు. గ్రేస్ ఫ్రయర్ అనే కార్మికురాలు మరి నలుగురితో కలిసి వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది. వారు ఆ డయల్‌ను చేతికి పెట్టుకున్నందువల్ల గాక, పూతను మింగినందువల్ల చనిపోయారన్నది గమనించవలసిన విషయం.

డయల్ అడుగున స్విస్ అనే మాటకు అటూ ఇటూ "టి" అక్షరం ఉంది. అదేమిటి?

అది ట్రిటియం పూతకు గుర్తు. రేడియం తరువాత, సుమారుగా 1960ల నుంచి 1990ల చివరి దాకా స్విస్ వాచీల్లో దీనిని వాడారు. "టి" పక్కన 25 కన్నా తక్కువ అని ఉంటే రేడియోధార్మికత 25 మిల్లీక్యూరీలకు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) లోపు అని అర్థం. ట్రిటియం ఎలక్ట్రాన్లు చాలా బలహీనమైనవి. వాచీ అద్దాన్ని గాని చర్మాన్ని గాని దాటలేవు. 1975 నాటి డయల్‌లో యాభై ఏళ్లకు ట్రిటియం పదహారో వంతుకు పడిపోయి ఉంటుంది కాబట్టి వెలుగును ఆశించవద్దు. "టి" బదులు "ఎల్" ఉంటే అది లూమినోవా అనే, రేడియోధార్మికత లేని స్ట్రాన్షియం అల్యూమినేట్ పూత.

యాభై ఏళ్ల నాటి హెచ్‌ఎంటీ పైలట్ అని అమ్మారు. రాత్రంతా పచ్చగా వెలుగుతోంది. అదృష్టమే కదా?

వాచీ మిషన్ యాభై ఏళ్లది కావచ్చు, వెలిగే పూత మాత్రం కాదు. గంటల తరబడి వెలిగే స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడిని జపానులోని నెమోటో సంస్థ 1993లో గాని కనుగొనలేదు. అంతకు ముందు తయారైన డయల్ మీద ఆ వెలుగు ఉందంటే, డయల్‌ను ఎవరో తరువాత కొత్తగా అచ్చు వేసి, కొత్త పొడి పూశారని అర్థం. అక్షరాల అంచులు ఒత్తుగా, నలుపు మరీ నిగనిగలాడుతూ, గుర్తులు అన్నీ తాజా పచ్చదనంతో ఉంటే అనుమానం తీరినట్లే. రోజూ పెట్టుకోవడానికి అది మంచి వాచీయే. అసలు డయల్ ధర పెట్టి కొని ఉంటే మాత్రం అమ్మినవారిని అడగవలసిన విషయం ఉంది.